స్పెంగ్లర్ కప్ అంటే యూరప్ ఐస్ హాకీ క్లబ్బుల ఛాంపియన్‌షిప్పేనా?

కాదండీ. ఫుట్‌బాల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఉన్నట్టు ఐస్ హాకీ క్లబ్బులకూ ఒక అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్ ఉందా, స్పెంగ్లర్ కప్ అంటే అదేనా, దాని చరిత్రేమిటి, వెళ్ళి చూడొచ్చా అని అడిగారు. ఛాంపియన్‌షిప్ ఉంది, కానీ అది వేరు. స్పెంగ్లర్ కప్పుకి ఏ జట్టూ అర్హత సాధించి రాదు, పిలిస్తే వస్తుంది. గెలిచిన జట్టుని యూరప్ విజేత అని ఎవరూ అనరు. తమాషా ఏమిటంటే, యూరప్‌లో మేటి క్లబ్ ఏదో తేల్చడానికని పెట్టిన కప్పులు వరసగా పుట్టి, వరసగా పోయాయి. ఏదీ తేల్చని ఈ పిలుపుల టోర్నీ మాత్రం 1923 నుంచి నడుస్తోంది. నేను ఉద్యోగరీత్యా జూరిక్ దగ్గర ఉంటున్నాను, ఆఫీసులో ఒక సహోద్యోగి దావోస్ వైపువాడు కావడంతో ఈ పిచ్చి నాకూ అంటుకుంది. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఊరి సంగతి. డిసెంబర్‌లో దావోస్ వెళ్తున్నానంటే మా అమ్మ ఫోన్లో "మన ముఖ్యమంత్రులు పెట్టుబడుల కోసం వెళ్తారే, ఆ ఊరేనా?" అంది. ఆ ఊరే. జనవరిలో ప్రపంచ ఆర్థిక సదస్సు జరిగే కాంగ్రెస్ సెంటర్‌కి కూతవేటు దూరంలోనే ఈ మంచు స్టేడియం ఉంటుంది. మన టీవీల్లో కనిపించే దావోస్ కోట్లూ టైలూ ఒప్పందాలూ. మూడు వారాల ముందు అదే వీధిలో జనం జెర్సీలు వేసుకుని, మెడలో మఫ్లర్లు చుట్టుకుని, చేతిలో వేడి వైన్ గ్లాసులతో తిరుగుతుంటారు.

ఊరు పైకొచ్చింది రోగం వల్ల. 1848-49 విప్లవంలో పాల్గొని జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లో వైద్యం చదివి, 1853లో దావోస్‌కి డాక్టర్‌గా వెళ్ళాడు. సముద్రమట్టానికి 1,560 మీటర్ల ఎత్తున ఉన్న ఆ లోయలో క్షయ కనిపించకపోవడం ఆయన గమనించాడు. మందులు లేని కాలం. ఎత్తు, ఎండ, చలిగాలి, విశ్రాంతి, ఇదే వైద్యం. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం గురించి పెద్దవాళ్ళు చెప్పగా విన్నవారికి ఈ నమ్మకం కొత్తకాదు. హోల్స్‌బోర్ అనే డచ్చి ఆయనతో కలిసి స్పెంగ్లర్ ఆరోగ్యకేంద్రం కట్టాడు. ఆ హోల్స్‌బోరే తర్వాత లాండ్‌క్వార్ట్ నుంచి దావోస్ దాకా కొండ రైలు వేయించాడు, 1890లో అది ఊరు చేరింది. ఇవాళ మ్యాచ్ చూడటానికి మనం ఎక్కే ఎర్ర రైలు ఆ దారినే వెళ్తుంది.

కప్పు పెట్టింది అలెగ్జాండర్ కొడుకు కార్ల్. ఈయనా క్షయ వైద్యుడే. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక ఓడిన జర్మనీని, ఆస్ట్రియాని అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య వెలివేసింది. ఆటగాళ్ళేం పాపం చేశారు? నిన్నటిదాకా తుపాకులు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డ దేశాల కుర్రాళ్ళు మంచు మీద కలుసుకోవాలి, జర్మన్ మాట్లాడే జట్లకి మళ్ళీ తలుపు తెరవాలి అన్నది డాక్టర్‌గారి ఉద్దేశం. దావోస్ హాకీ క్లబ్ పుట్టి అప్పటికి రెండేళ్ళే. 1923లో తొలి టోర్నీ జరిగింది. ఫైనల్లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టు ఆతిథ్య దావోస్‌ని 2-0తో ఓడించింది. మరుసటి ఏడాదే బెర్లిన్ జట్టు కప్పు పట్టుకుపోయింది. డాక్టర్ ఎవరి కోసం పెట్టాడో వాళ్ళకే అందింది. 1926లోనూ, 1928లోనూ మళ్ళీ బెర్లినే.

దావోస్ వాళ్ళు 1930లలో పుంజుకున్నారు. బీబీ టొరియాని, హాన్స్ కత్తీని, పిక్ కత్తీని అని ముగ్గురు ఫార్వర్డ్‌లు. ముగ్గురి ఇంటిపేర్లూ 'ని'తో ముగుస్తాయి కాబట్టి ఆ ముగ్గుర్నీ కలిపి 'ని' దాడి అనేవారు. టొరియాని 1948 సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్స్‌లో క్రీడాకారులందరి తరఫున ప్రమాణం చదివాడు. ఇప్పటికీ టోర్నీలో ఆరు జట్లని రెండు గ్రూపులుగా విడగొట్టి, ఒకదాన్ని టొరియాని గ్రూపు, రెండోదాన్ని కత్తీని గ్రూపు అంటారు. ఏ, బీ అనరు. ఈ పద్ధతి నాకు భలే నచ్చింది.

ఇక ఈ కప్పు చరిత్రలో నన్ను బాగా కదిలించింది ప్రాగ్ జట్టు కథ. ఎల్‌టీసీ ప్రాగ్ అంటే అసలు టెన్నిస్ క్లబ్. ఆ పేరుతోనే హాకీ ఆడి ఏడుసార్లు స్పెంగ్లర్ కప్ గెలిచింది, అందులో 1946, 1947, 1948 వరసగా. జట్టులో యారొస్లావ్ ద్రోబ్నీ లాంటి వాళ్ళుండేవారు. శీతాకాలం హాకీ, వేసవి టెన్నిస్. చెకోస్లొవాకియా జాతీయ జట్టు అంటే దాదాపు వీళ్ళే. 1947లో ప్రపంచ ఛాంపియన్లు, 1948 ఒలింపిక్స్‌లో రజతం. అదే 1948 ఫిబ్రవరిలో దేశంలో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నారు. నవంబర్ 8న జాతీయ జట్టు ఆటగాళ్ళు ఆరుగురు ఎక్కిన చిన్న విమానం పారిస్ నుంచి లండన్ వెళ్తూ ఇంగ్లిష్ ఛానల్ మీద మాయమైపోయింది.

ఆ దుఃఖంలోనే డిసెంబర్‌లో దావోస్ వచ్చారు. వచ్చి, గెలిచారు. గెలిచాక ఇంటికి వెళ్ళాలా, ఇక్కడే ఉండిపోవాలా అన్న చర్చ జట్టులో నడిచింది. ఒక్కసారి ఊహించుకోండి. బయట కొత్త సంవత్సరం సందడి. ఇంటి దగ్గర పెళ్ళాం, పిల్లలు, అమ్మానాన్నలు. వెళ్తే ఏమవుతుందో తెలియదు, వెళ్ళకపోతే వాళ్ళకేమవుతుందో తెలియదు. మిరొస్లావ్ స్లామా ఉండిపోయాడు, జట్టులో ఎక్కువమంది రైలెక్కి ప్రాగ్ వెళ్ళిపోయారు. 1950 మార్చిలో లండన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి బయల్దేరాల్సిన ఆటగాళ్ళని చివరి నిమిషంలో ఆపేశారు. ఆ కోపంతో మార్చి 13న ప్రాగ్‌లో ఒక బీరు దుకాణంలో కూర్చుని ప్రభుత్వాన్ని తిడుతుంటే రహస్య పోలీసులు అక్కడే పట్టుకున్నారు. దేశద్రోహం, గూఢచర్యం కేసులు. దేశం వదిలి పారిపోవాలని కుట్ర పన్నారన్నదీ అభియోగాల్లో ఒకటి. గోలీ (గోల్‌కీపర్) బోహుమిల్ మోద్రీకి 15 ఏళ్ళు, గుస్తావ్ బుబ్నీక్‌కి 14 ఏళ్ళు శిక్ష వేశారు. యురేనియం గనుల్లో పని చేయించారు. 1955లో క్షమాభిక్షతో వదిలారు గానీ మోద్రీ ఆరోగ్యం అప్పటికే చితికిపోయింది, 1963లో చనిపోయాడు. ద్రోబ్నీ మాత్రం 1949లో స్విట్జర్లాండ్‌లోనే గ్‌స్టాడ్‌లో టెన్నిస్ ఆడటానికి వచ్చి ఇక తిరిగి వెళ్ళలేదు. 1954లో ఈజిప్టు పౌరుడిగా వింబుల్డన్ గెలిచాడు.

స్పెంగ్లర్ కప్ వెబ్‌సైట్లో విజేతల పట్టిక చూస్తే "1948, ఎల్‌టీసీ ప్రాగ్" అని ఒక్క వరస ఉంటుంది, అంతే. ఆ వరస వెనక ఇంత ఉంది.

తర్వాతి దశాబ్దాలు త్వరగా చెప్పేస్తాను. 1979 దాకా ఆటంతా ఆరుబయటే, మంచు కురిస్తే చీపుర్లతో తోసుకుంటూ. ఆ ఏడాది స్టేడియానికి చెక్క పైకప్పు వేశారు. దూలాలు చెట్టుకొమ్మల్లా పైకి విచ్చుకుని ఉంటాయి, లోపలికి అడుగుపెట్టగానే ఆటకన్నా ముందు ఆ పైకప్పే చూస్తారు ఎవరైనా. 1984లో కెనడా జట్టు మొదటిసారి వచ్చి మొదటిసారే గెలిచింది, అప్పటి నుంచి ఏటా వస్తోంది. ఇది క్లబ్ కాదని గమనించండి. యూరప్ లీగుల్లో ఆడుకునే కెనడా వాళ్ళని ఆ వారానికి పోగుచేసి వేసే జట్టు. "క్లబ్ టోర్నీలో దేశం పేరుతో జట్టేమిటి" అని సణిగేవాళ్ళున్నారు, నాకూ కొంత సబబే అనిపిస్తుంది. కానీ హాలు నిండేది వాళ్ళ వల్లే. 2023 వందేళ్ళ పండగలో గెలవడంతో దావోస్ కూడా 16 కప్పులతో కెనడా సరసన చేరింది.

ఎన్‌హెచ్‌ఎల్‌లో (అమెరికా, కెనడాల ప్రధాన ఐస్ హాకీ లీగ్‌లో) యాజమాన్యాలకీ ఆటగాళ్ళకీ గొడవొచ్చి ఆట ఆగినప్పుడల్లా ఈ కొండ ఊరి పంట పండింది. 2004లో జో థార్న్‌టన్, రిక్ నాష్ దావోస్ జెర్సీ వేసుకుని కప్పు గెలిపించారు. 2012లో కెనడా జట్టులో బెర్జెరాన్, సెగ్విన్, స్పెజ్జా, టవారెస్ ఆడారు. టీవీలో తప్ప చూడలేని వాళ్ళు అప్పట్లో ఏడు వేలమంది పట్టే హాల్లో, పది అడుగుల దూరంలో.

ఇప్పుడు మీరడిగిన అసలు ఛాంపియన్‌షిప్. 1965లో సమాఖ్య యూరోపియన్ కప్ మొదలుపెట్టింది, దేశాల లీగ్ విజేతలు తలపడే పోటీ. మొదటి మూడుసార్లూ చెకోస్లొవాకియాకి చెందిన జెడ్‌కేఎల్ బ్రనో గెలిచింది. తర్వాత సోవియట్ జట్లు అడుగుపెట్టాయి, ఆట ముగిసింది. మాస్కో సైన్యం క్లబ్ సీఎస్‌కేఏ మొత్తం 20 సార్లు గెలిచింది, 1978 నుంచి 1990 దాకా వరసగా 13 సార్లు. కారణం ఆటగాళ్ళ ప్రతిభ ఒక్కటే కాదు. దేశంలో మంచి కుర్రాడు ఎక్కడ కనపడినా సైనిక సేవ పేరుతో ఆ క్లబ్‌కి తెచ్చుకోగలిగేవారు. కోచ్ విక్తర్ తిఖొనోవ్ వాళ్ళని ఏడాదిలో ఎక్కువ భాగం కుటుంబాలకు దూరంగా శిబిరంలోనే ఉంచేవాడు. క్రుతొవ్, లారియొనోవ్, మకారోవ్ ముందు, ఫెతీసొవ్, కసతోనొవ్ వెనక. ఈ ఐదుగురే క్లబ్బు, ఈ ఐదుగురే జాతీయ జట్టు. వీళ్ళ ఆట అద్భుతం, పాత వీడియోలు తప్పక చూడండి. కానీ విజేత ముందే తెలిసిన ఛాంపియన్‌షిప్‌కి టికెట్ కొనేదెవరు? 1989లో వీళ్ళు ఒక్కొక్కరే ఉత్తర అమెరికా దారి పట్టడం మొదలెట్టారు, సోవియట్ యూనియన్ కూలింది. స్వీడన్, ఫిన్లాండ్ క్లబ్బులు కొన్నేళ్ళు గెలిచాయి, 1997లో కప్పు ఆగిపోయింది.

దాని స్థానంలో యూరోపియన్ హాకీ లీగ్ వచ్చింది. నాలుగేళ్ళలో పోయింది. ఆ నాలుగేళ్ళలో ఒక ముచ్చట ఉంది. 1998లో ఫెల్డ్‌కిర్క్ అనే చిన్న ఆస్ట్రియా పట్టణం క్లబ్ ఫైనల్లో డైనమో మాస్కోని ఓడించి విజేత అయింది. స్విస్ సరిహద్దు పక్కనే ఆ ఊరు, నేను కారులో ఆ దారిన వెళ్తుంటాను, ఇంత చిన్న ఊరా అనిపిస్తుంది. కొన్నేళ్ళకే ఆ క్లబ్ దివాలా తీసింది. 2005 నుంచి 2008 దాకా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో యూరోపియన్ ఛాంపియన్స్ కప్ జరిపారు, నాలుగుసార్లూ రష్యా జట్లే గెలిచాయి.

2008లో మహా ఆర్భాటంగా ఛాంపియన్స్ హాకీ లీగ్ పెట్టారు. మా జూరిక్ జట్టు జెడ్‌ఎస్‌సీ లయన్స్ రష్యా జట్టు మాగ్నితోగోర్స్క్‌ని ఓడించి 2009 జనవరిలో గెలిచింది. యూరప్ విజేతకీ ఎన్‌హెచ్‌ఎల్ జట్టుకీ మధ్య విక్టోరియా కప్ అని ఇంకోటి పెట్టారు. 2009 సెప్టెంబర్ 29న ఇదే జూరిక్ జట్టు షికాగో బ్లాక్‌హాక్స్‌ని 2-1తో ఓడించింది. ఆ షికాగో జట్టే కొన్ని నెలల తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిచింది, కాబట్టి అల్లాటప్పా జట్టు కాదు. ఇక్కడి పెద్దవాళ్ళు ఆ రాత్రి గురించి మన వాళ్ళు 1983 ప్రపంచకప్ గురించి చెప్పినట్టు చెబుతారు. అయితే అప్పటికే ఆర్థిక సంక్షోభంలో స్పాన్సర్లు జారుకున్నారు, ఛాంపియన్స్ లీగ్ రెండో సీజన్ జరగనే లేదు. విక్టోరియా కప్ కూడా మళ్ళీ ఆడలేదు.

2014లో మళ్ళీ అదే పేరుతో మొదలైందే ఇప్పటి ఛాంపియన్స్ హాకీ లీగ్. ఈసారి 26 క్లబ్బులే పూనుకుని, లీగుల్నీ సమాఖ్యనీ కలుపుకుని వాటాలు పంచుకుని పెట్టుకున్నాయి. పోటీ నిలబడటానికి అదో కారణమని నా అభిప్రాయం. తొలి ఏడాది 44 జట్లు, 2023-24 నుంచి 24. స్వీడన్ క్లబ్ లూలియో తొలి విజేత, తర్వాత అదే దేశంలో గోథెన్‌బర్గ్‌కి చెందిన ఫ్రోలుండా ఐదేళ్ళలో నాలుగుసార్లు గెలిచింది. 2024లో జెనీవా, 2025లో మళ్ళీ మా జూరిక్. రష్యా క్లబ్బులు ఇందులో లేవు. మీరు వెతుకుతున్న ఛాంపియన్‌షిప్ ఇదే, నాణ్యతలో దీనికి వంక పెట్టలేం. కానీ గ్రూపు మ్యాచ్‌లు ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్‌లోనో, ఎండ ఇంకా పోకముందే మొదలుపెడతారు. అలాంటి ఒక మ్యాచ్‌కి వెళ్తే స్టాండ్లలో ఖాళీ కుర్చీలే ఎక్కువ. మా సహోద్యోగి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. అదే మనిషి డిసెంబర్ 26 వచ్చిందంటే అత్తగారింటి భోజనం మధ్యలో లేచి దావోస్ బయల్దేరతాడు.

తేడా తేదీలో ఉంది. ఏటా డిసెంబర్ 26న మొదలు, 31 మధ్యాహ్నం ఫైనల్. ఆ వారం స్విస్ లీగ్ ఆగుతుంది, ఆఫీసులకు సెలవులు, టీవీలో అదే ఆట. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య ఏం చేయాలో తోచని ఆరు రోజుల్ని ఈ టోర్నీ సొంతం చేసుకుంది. మనకు సంక్రాంతికి కోడిపందేలు చూడటానికి బంధువులంతా భీమవరం చేరినట్టు, ఎవరు గెలుస్తారన్నది రెండో విషయం. రెండో ప్రపంచయుద్ధం మొదట్లో, 1956లో, కోవిడ్ వల్ల 2020, 2021లో ఆగినా మళ్ళీ అదే తేదీకి వచ్చి నిలబడింది. వచ్చే జట్లకి బయటి క్లబ్బుల నుంచి కొందర్ని అరువు తెచ్చుకునే వెసులుబాటు కూడా ఉంటుంది. దీన్ని ప్రదర్శన మ్యాచ్‌ల టోర్నీ అని తీసిపారేసేవాళ్ళకి అదో ఆయుధం. నిజానికి మొదటి రెండు రోజులు కొంచెం అలాగే ఉంటుంది, సెమీఫైనల్ నుంచి మాత్రం ఎదుటివాళ్ళని గోడకేసి గుద్దేస్తారు.

వెళ్ళి చూడాలనుకుంటే కొన్ని సంగతులు. జూరిక్ నుంచి లాండ్‌క్వార్ట్, అక్కడ మారి ఎర్ర రైలు, మొత్తం రెండున్నర గంటలు. రోజుకు మామూలుగా రెండు మ్యాచ్‌లు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. దావోస్, కెనడా ఆడేవి ముందే అమ్ముడైపోతాయి, మిగతా క్లబ్బులవి తేలిగ్గా దొరుకుతాయి. పైకప్పు ఉందని మోసపోకండి, లోపలా చలే, మంకీ క్యాప్ పెట్టుకున్నా ఎవరూ నవ్వరు. శాకాహారులకి చీజ్, బంగాళాదుంప వేపుళ్ళు తప్ప పెద్దగా ఏమీ దొరకవు, రైలెక్కేముందే కడుపు సంగతి చూసుకోండి.

మొదటిసారి చూసేవాళ్ళకి పక్ కనపడదు. మూడంగుళాల రబ్బరు బిళ్ళ, ఎగరకుండా ఉండాలని ముందే ఫ్రీజర్‌లో పెట్టి తెస్తారు, మంచు మీద ఎటు పోయిందో కన్ను పట్టుకోలేదు. మా సహోద్యోగి చెప్పిన కిటుకు ఏమిటంటే బిళ్ళని వదిలేసి గోలీ భుజాలు చూడమని. అవి ఎటు తిరిగితే బిళ్ళ అటే ఉంటుంది. ముప్పావు నిమిషానికోసారి ఐదుగురు గోడ దూకి బెంచీ మీదకి, బెంచీ మీది ఐదుగురు మంచు మీదకి, ఆట మాత్రం ఆగదు. డబ్బు కలిసొస్తుందని కాదు గానీ, నిలబడి చూసే స్టాండ్‌లో టికెట్ తీసుకోండి. దావోస్ ఆడే ఒక మ్యాచ్‌లో వాళ్ళ తొలి గోల్ పడగానే జనం తెచ్చుకున్న బొమ్మ ఎలుగుబంట్లని మంచు మీదకి విసురుతారు, పిల్లలకు పంచడానికి. నేను నిలబడ్డచోట నా ముందున్న పెద్దాయన చేయి సాగక నా చేతికిచ్చి విసరమన్నాడు. అవన్నీ ఏరేదాకా ఆట ఆపేస్తారు, ఆటగాళ్ళు కూడా స్టిక్కులతో తోస్తూ సాయం చేస్తారు.

ఆ వారం దావోస్‌లో గది అద్దె చూస్తే కళ్ళు తిరుగుతాయి, లాండ్‌క్వార్ట్‌లోనో ఖూర్‌లోనో దిగడం మేలు. ఫైనల్ మిట్టమధ్యాహ్నం మొదలై రెండున్నర, మూడు గంటలకల్లా అయిపోతుంది కాబట్టి 31 రాత్రికి జూరిక్ చేరుకోవచ్చు. ఒక్క మ్యాచే చూసే వీలుంటే మాత్రం ఫైనల్ కోసం పాకులాడకండి, 30న జరిగే సెమీఫైనల్‌కి వెళ్ళండి.